యాభై అయిదు రోజుల టమాటా

మార్చి నెల మొదటి శనివారం పొద్దున రాజారావు ఇంట్లో ఓవెన్ దగ్గర గొడవ మొదలైంది. ఓవెన్ పాడైందనీ కాదు, కొత్తది కొనాలనీ కాదు. అందులో ఎవరు ఉండాలన్నదే తగాదా.

అమెరికాలోని రెడ్‌మండ్‌లో తెలుగువాళ్ళ ఇళ్ళల్లో ఓవెన్ వంటకి తక్కువ, పెరుగు తోడుకోవడానికి ఎక్కువ. అక్టోబరు నుంచి మే దాకా వంటింటి గట్టు మీద తోడుపెట్టిన పాలు మర్నాటికీ పాలుగానే ఉంటాయి. అదే ఓవెన్ వెలిగించకుండా, లోపల ఉన్న చిన్న దీపం ఒక్కటి వేసి గిన్నె అందులో పెడితే తెల్లారేసరికి పెరుగు గడ్డకట్టి కూర్చుంటుంది. ఈ కిటుకు ఎవరు ఎవరికి చెప్పారో గానీ, ఇల్లు కొనడానికి వెళ్ళిన తెలుగు ఆడవాళ్ళు పడగ్గదులు ఎన్నని అడగకముందే ఓవెన్ తలుపు తీసి దీపం వెలుగుతోందో లేదో చూస్తారు.

ఆ శనివారం రాజారావు పెరుగు కోసం ఓవెన్ తలుపు తీస్తే లోపల పన్నెండు ప్లాస్టిక్ డబ్బాలు బారులు తీరి ఉన్నాయి. అన్నీ ఖాళీ అయిన పెరుగు డబ్బాలే. అడుగున కన్నాలు, పైన మట్టి. అతని స్టీలు గిన్నె స్టవ్ పక్కన చల్లగా, పల్చగా, పాలతో నిండి ఉంది.

"ఓవెన్‌లో మట్టి ఏమిటి ప్రసూనా?"

"మట్టి కాదండీ, టమాటా విత్తనాలు. మొలకెత్తడానికి ఐదు రోజులు వెచ్చగా ఉండాలి."

"మరి నా పెరుగు?"

"ఐదు రోజులు షాపు పెరుగు తినండి."

"షాపుది పెరుగా? అది జిగురు."

"ఆఫీసులో రోజూ తింటారుగా, పైన పళ్ళముక్కలు వేసుకుని మరీ."

"అది యోగర్ట్. ఇది పెరుగు. రెండూ ఒకటేనా?" అన్నాడు రాజారావు, ఇంతటి తేడా తెలియనిదానితో పన్నెండేళ్ళు కాపురం చేశానా అన్నట్టు చూస్తూ.

జ్ఞానప్రసూన ఓవెన్ తలుపు మూసేసింది. మాటల్లో తేడాలు పట్టుకునే మొగుడు దొరకడం ఒకందుకు మంచిదేనని, ఎప్పుడో ఒకప్పుడు పనికొస్తుందని మాత్రం అనుకుంది.

రాజారావు ఇంట్లో రాజారావు, ఆఫీసులో రాజ్. అతను పనిచేసేది ఊళ్ళో అందరూ చెప్పుకునే పెద్ద కంపెనీలో కాదు, దానికి రెండు వీధుల అవతల ఉన్న చిన్న కంపెనీలో. అతను ప్రోగ్రామ్ మేనేజరు. అంటే ప్రోగ్రాములు రాయడు. రాసేవాళ్ళ దగ్గరికి వెళ్ళి ఎప్పటికి అవుతుందని అడుగుతాడు. వాళ్ళు చెప్పిన తేదీని పైవాళ్ళకి చెబుతాడు. ఆ తేదీ దాటిపోయాక వాళ్ళని మళ్ళీ అడిగి, ఇంకో తేదీ చెబుతాడు. ఈ పనిలో అతనికి మంచి పేరుంది.

ప్రసూన గుంటూరులో బోటనీ ఎమ్మెస్సీ చేసి, జూనియర్ కాలేజీలో రెండేళ్ళు పాఠాలు చెప్పి, పెళ్ళయ్యాక ఇక్కడికి వచ్చింది. వీసా పుణ్యమా అని మొదటి ఏడేళ్ళు ఉద్యోగం చేసే వీల్లేకపోయింది. వీలొచ్చేసరికి అడిగేవాళ్ళు లేకపోయారు. ఇల్లు ఏ ఊళ్ళో ఉండాలన్నది రాజారావు ఆఫీసు నిర్ణయించింది. ఏ వీధిలో ఉండాలన్నది కూతురు సంహిత బడి నిర్ణయించింది. ప్రసూన నిర్ణయించుకోగలిగింది గరాజు దక్షిణపు గోడ పక్కన పన్నెండు అడుగుల నేల ఒక్కటే.

ఆ పెరట్లో ఎండ తగిలేది అక్కడే. మిగతాదంతా ఫర్ చెట్ల నీడ. అక్కడ కూడా జూన్‌లో స్వెట్టర్ వేసుకుని నీళ్ళు పోయాల్సి వచ్చేది. నాలుగేళ్ళుగా ఆమె అక్కడ టమాటాలు వేస్తోంది. నాలుగేళ్ళూ మొక్కలు పెరిగాయి, పూశాయి, కాశాయి. పండలేదు. కాయలు రంగు మారదామా వద్దా అని ఆలోచించేలోపల సెప్టెంబరు వానలు మొదలయ్యేవి, ఆకులు నల్లబడేవి. ఆమె కాయలన్నీ కోసి పచ్చి టమాటా పచ్చడి చేసేది, పప్పు చేసేది, కూర చేసేది. అక్టోబరు నెలంతా ఆ ఇంట్లో అదే. "నీది తోట కాదు, పచ్చడి ఫ్యాక్టరీ," అనేవాడు రాజారావు, రెండోసారి వడ్డించుకుంటూ.

ఈ ఏడు ఆమె చలికాలమంతా చదివి, చలిదేశాల్లో త్వరగా పండే రకం ఒకటి పోస్టులో తెప్పించింది. చెక్ దేశపు విత్తనం. పండు నిమ్మకాయంతే ఉంటుంది గానీ చలిని లెక్కచేయదు. ప్యాకెట్ మీద పేరు స్టుపీస్ అని ఉంది.

"స్టుపిడ్ టమాటానా?" అన్నాడు రాజారావు మధ్యాహ్నం భోజనం దగ్గర, ప్యాకెట్ తిప్పి చూస్తూ. పొద్దుటి పెరుగు మంట ఇంకా చల్లారలేదు.

"స్టుపీస్."

"ఏదైనా ఒకటేలే. అసలు ఆ గోడ దగ్గర ఈ ఏడు డెక్ వేయిద్దామనుకుంటున్నాను. మా ఆఫీసు అంజయ్యవాళ్ళు చెక్కతో అరుగులా ఎంత బాగా వేయించుకున్నారో చూశావుగా. గ్రిల్ కూడా పెట్టారు."

"మన ఇంట్లో మాంసం తినం కదా. గ్రిల్ మీద ఏం కాలుస్తారు?"

"మొక్కజొన్న పొత్తులు."

పన్నెండు అడుగుల డెక్కు మీద కూర్చుని మొక్కజొన్న పొత్తులు తినే రాజారావుని ఊహించుకుని ప్రసూన మజ్జిగ గ్లాసు కింద పెట్టింది. "డెక్ వేరేచోట వేయించుకోవచ్చు. ఎండ వేరేచోట లేదు."

"నాలుగేళ్ళు ఎండ ఇచ్చాంగా, ఏం పండించావు?" అన్నాడు. ఆ మాట కొంచెం గట్టిగా పడిందని అతనికే అనిపించి కాబోలు, గొంతు ఆఫీసు గొంతుకి మార్చాడు. "సరే, ఫెయిర్‌గా ఉందాం. ప్యాకెట్ మీద ఫిఫ్టీఫైవ్ డేస్ అని ఉంది. నాటిన రోజు నుంచి యాభై అయిదు రోజుల్లో మొక్క మీద ఎర్రగా పండిన పండు ఒక్కటంటే ఒక్కటి చూపించు. గోడ నీది. లేకపోతే డెక్."

"నాటిన రోజు నుంచేనా?"

"నాటిన రోజు నుంచే."

ప్రసూన కూతురి వైపు తిరిగింది. "విన్నావుగా సంహితా?"

పదకొండేళ్ళ సంహిత కంచంలోంచి తల ఎత్తలేదు. "యా, విన్నా. నాటిన రోజు. నాటిన అంటే ఏంటి?"

"ప్లాంట్ చేయడం," అన్నాడు తండ్రి.

ఆదివారం పొద్దున ప్రసూన ఒక కాగితం మీద "లోపల విత్తనాలు ఉన్నాయి. వెలిగించవద్దు" అని రాసి ఓవెన్ తలుపుకి అంటించింది. గొడవపడింది రాజారావుతో కాబట్టి తెలుగులో రాసింది. ఆమె గుడి దగ్గర పిల్లలకి మ్యాథ్స్ చెప్పే వంతు ఉండి బయటికి వెళ్ళగానే, రాజారావు డబ్బాలన్నీ తీసి బట్టలారబెట్టే డ్రయ్యర్ మీద పెట్టి, తన పెరుగు గిన్నెను ఓవెన్‌లో పెట్టేశాడు. కాగితం మాత్రం పీకలేదు. అది అలాగే ఉంటే ఎవరికీ అనుమానం రాదని అతని ఆలోచన.

మధ్యాహ్నం సంహిత కుకీలు చేయడానికి వంటింట్లోకి వచ్చింది. ఓవెన్ తలుపు మీద గుండ్రటి అక్షరాల కాగితం చూసింది. పండగల్లో గుమ్మానికి కట్టేవాటిలాంటిదేదో అనుకుని, భక్తిగా దాన్ని కదల్చకుండా, మూడువందల యాభై డిగ్రీలు నొక్కింది.

ప్రసూన ఇంటికి వచ్చేసరికి పొగ వాసన. కిటికీలన్నీ తెరిచి ఉన్నాయి. గిన్నె మీది ప్లాస్టిక్ మూత కరిగి ఓవెన్ ఊచల మీద మైనంలా కారింది. లోపల పెరుగు విరిగి, మాడి, ఏ తెలుగు ఇంట్లోనూ పేరులేని పదార్థంగా మారింది.

"దాని మీద రాసుంది కదే."

"అమ్మా, నాకు తెలుగు రీడ్ చేయడం రాదు కదా. ఇట్ లుక్‌డ్ లైక్ పూజ."

ప్రసూన చరచరా లోపలికి వెళ్ళి వెతికి, డ్రయ్యర్ మీద తన డబ్బాలు చూసుకుంది. ఒక్కటీ చెక్కుచెదరలేదు. వెనకాలే వచ్చిన రాజారావు కాసేపు తప్పుచేసినవాడిలా నిలబడ్డాడు. తర్వాత జరిగిందంతా ఒకసారి మనసులో తిప్పుకుని చూసుకున్నాడు కాబోలు, మొహం విప్పారింది.

"చూశావా? నేను తీసి పక్కన పెట్టబట్టి నీ విత్తనాలు బతికాయి. దీన్నే రిస్క్ మేనేజ్‌మెంట్ అంటారు."

ఆ క్షణం నుంచి టమాటాలు అతని ప్రాజెక్టు అయిపోయాయి.

ఆ సంగతి ప్రసూనకి మర్నాడు చాముండేశ్వరి ఫోన్ చేస్తే గానీ తెలియలేదు. చాముండేశ్వరి అంజయ్య భార్య. వాళ్ళది కరీంనగర్. రెండు ఇళ్ళ మధ్య కారులో ఆరు నిమిషాల దూరం.

"ఏందక్కా, ఏప్రిల్ ముప్పైకి మీ ఇంట్ల టమాట దావతంట గదా? అన్న ఆరిండ్లకు మెయిల్ కొట్టిండు. ఈడ ఏప్రిల్‌ల మాకు కొత్తిమీరనే మొలుస్తలేదు, నీకు టమాటలెట్ల కాస్తయక్కా?"

ప్రసూన క్యాలెండరు చూసింది. మార్చి అయిదు నుంచి యాభై అయిదు రోజులు లెక్కపెడితే ఏప్రిల్ ఇరవై తొమ్మిది, శుక్రవారం. మర్నాడు శనివారం భోజనాలకి అనువుగా ఉంటుంది. లెక్క తప్పు పోలేదు. మొదలుపెట్టిన చోటే తప్పు.

సాయంత్రం రాజారావు బూట్లు విప్పుతుండగానే చెప్పింది. "యాభై అయిదు రోజులు నారు నాటిన రోజు నుంచి అండీ, విత్తనం వేసిన రోజు నుంచి కాదు. ప్యాకెట్ వెనక చిన్న అక్షరాల్లో రాసి ఉంది."

"వేసినా నాటినా ఒకటేగా."

"పెరుగూ యోగర్టూ ఒకటేనా?"

రాజారావు రెండో బూటు చేతిలో పట్టుకుని ఆగిపోయాడు.

"విత్తనం వేస్తారు, చల్లుతారు, పెడతారు. నాటేది నారుని. నాటిన రోజు నుంచి అని మీరే అన్నారు, రెండుసార్లు. సంహితకి పదకొండో రోజు పురుడు చేశాం. ఆ పదకొండూ ఎప్పటినుంచి లెక్కపెట్టారు? పుట్టిన రోజు నుంచా, అంతకుముందు నుంచా?"

"పిల్ల ఇంట్లో ఉండగా ఏమిటా మాటలు," అని రాజారావు గొంతు తగ్గించాడు. "నువ్వు చెప్పింది కరెక్టే కావచ్చు. కానీ మెయిల్ వెళ్ళిపోయింది కదా."

అతని ఉద్దేశంలో వెళ్ళిపోయిన మెయిల్‌ని అనుసరించి నడుచుకోవాల్సింది టమాటాలే.

మర్నాడు ఫ్రిజ్ తలుపు మీద ఒక చార్టు వెలిసింది. గడులు, తేదీలు, రంగులు. సవ్యంగా ఉంటే ఆకుపచ్చ, కొంచెం అనుమానంగా ఉంటే పసుపు, ప్రమాదమైతే ఎరుపు. ఆఫీసులో వాడే పద్ధతే. టమాటాల విషయంలో ఈ మూడు రంగులూ సరిగ్గా తలకిందులవుతాయని అతనికి తట్టలేదు. ప్రసూన చెప్పలేదు. ప్రతి శనివారం కాఫీ దగ్గర పది నిమిషాల మీటింగు.

"ఏమైనా ఇబ్బందులున్నాయా?"

"చలి."

"దాని బాధ్యత ఎవరిది?"

ప్రసూన కిటికీలోంచి ఆకాశం వైపు చూసింది. రాజారావు ఆ గడిలో "ఇంకా తేలలేదు" అని ఇంగ్లీషులో రాసుకున్నాడు.

ఏప్రిల్ ముప్పయ్యో తేదీన, అంటే ఆరు కుటుంబాలూ వచ్చి టమాటా పప్పు తినాల్సిన రోజున, ప్రసూన డబ్బాల్లో పెరిగినవాటిలో బలమైన మూడు మొక్కల్ని గోడ పక్కన నాటింది. ఒక్కో మొక్క చుట్టూ నీళ్ళు నింపిన గాలన్ పాల క్యాన్లు ఆరు చొప్పున నిలబెట్టింది. పగలు ఎండకి వేడెక్కిన నీళ్ళు చీకటిపడ్డాక ఆ వేడిని మొక్కకి ఇస్తాయి. క్యాన్లు చాలకపోతే చాముండేశ్వరి తెచ్చి ఇచ్చింది. వారానికి నాలుగు గాలన్ల పాలు తోడుపెట్టే ఇళ్ళల్లో వాటికేం కరువు. ఆ పని జరుగుతున్నంతసేపూ రాజారావు లోపల రెండో మెయిల్ రాస్తున్నాడు. తన చేతుల్లో లేని కారణాల వల్ల టమాటా భోజనం మే ముప్పయ్యో తేదీకి మారింది, సహనానికి ధన్యవాదాలు.

మే ముప్పయ్యో తేదీకి వాన. మొక్కలు మోకాలి ఎత్తు ఉన్నాయి, గుప్పెడు పూలు ఉన్నాయి. తేనెటీగలు ఆ చలికి గూడు దాటి రావడం లేదు. పుప్పొడి రాలడానికి ప్రసూన రోజూ పదింటికి గొడుగు వేసుకుని వెళ్ళి కరెంటు టూత్‌బ్రష్‌తో పూలగుత్తిని తాకించి వచ్చేది. ఆ బ్రష్ రాజారావుది. అతను ఆఫీసులో ఉండే వేళ అది ఖాళీగానే ఉంటుంది, ఆమె కడిగే పెట్టేది.

మూడో మెయిల్ జూలై నాలుగు అంది. "ఇదే ఆఖరి తేదీ. ఇక మారదు," అని చివరి వాక్యం రాసి, ప్రసూనకి చదివి వినిపించాడు.

"మరి గోడ సంగతి?"

"అదీ జూలై నాలుగే. నేను మాట మీద నిలబడే మనిషిని," అన్నాడు రెండోసారి మాట మార్చిన రాజారావు. ఆ సాయంత్రమే టేపు తీసుకుని పెరట్లోకి వెళ్ళి గోడ పొడవు కొలుచుకుని వచ్చాడు. టేపు పెట్టేటప్పుడు ఒక మొక్క చిన్నకొమ్మ విరిగింది. ప్రసూన ఏమీ అనకుండా విరిగిన కొమ్మని నీళ్ళ గ్లాసులో పెట్టింది. ఆ కొమ్మ వేళ్ళు వేసింది.

జూన్ అంతా మబ్బే. కాయలు పడ్డాయి, పెరిగాయి, రాళ్ళలా గట్టిగా ఆకుపచ్చగా నిలబడ్డాయి. నాలుగేళ్ళ పాటూ చూసిన దృశ్యమే. అంట్లు తోముతూ ప్రసూన కిటికీలోంచి గోడ వైపు చూసేది. డెక్ వేశాక ఇదే కిటికీలోంచి గ్రిల్ వీపు కనిపిస్తుంది. దాని మీద వాన పడకుండా నల్ల కవరు కప్పి ఉంటుంది. ఏడాదిలో పది నెలలు అలాగే ఉంటుంది. అప్పుడిక తనని ఎవరైనా ఏం చేస్తుంటావని అడిగితే చెప్పడానికి ఈ మూడు మొక్కలు కూడా ఉండవు. ఇంత చిన్న విషయానికి ఇంత బాధపడటం ఆమెకే నచ్చలేదు. గిన్నెలు ఇంకోసారి తోమింది.

జూలై ఒకటిన క్యాన్లు సర్దుతుంటే గోడవైపు, అన్నిటికన్నా కింద, ఆకుల చాటున ఒక కాయ పసుపు రాసిన గడప రంగులో కనిపించింది. ప్రసూన వంగినది వంగినట్టే కాసేపు ఉండిపోయింది. రెండో తేదీకి అది నారింజ రంగుకి తిరిగింది. మూడో తేదీకి ఎర్రబడింది. ఎవరికీ చెప్పలేదు. రాజారావు తనంతట చూసే ప్రమాదం లేదు. అతను మొక్కల్ని నిలబడే చూస్తాడు.

అలా నిలబడి చూసి చూసే మూడో తేదీ సాయంత్రం అతను నీరసపడిపోయాడు. కాంట్రాక్టరుతో పదకొండో తేదీకి మాట్లాడుకున్నాడు. పండు లేకపోతే డెక్ తనదే, సంతోషించాలి. కానీ రేపు ఆరు కుటుంబాలు వస్తున్నాయి. మూడు మెయిళ్ళు వెళ్ళాయి. నాలుగోది పంపితే అంజయ్య ఆఫీసులో అందరికీ చెప్పి నవ్వుతాడు. "మొక్కజొన్న పొత్తులు తెస్తాను," అని కారు తీసుకుని వెళ్ళి గంటన్నరకి వచ్చాడు. పొత్తుల సంచీ వంటింట్లోకి వచ్చింది. రెండో సంచీ కారులోనే ఉండిపోయింది.

నాలుగో తేదీ పొద్దున ప్రసూన కాఫీ గ్లాసుతో పెరట్లోకి వెళ్ళింది. మూడు మొక్కలకీ కలిపి పన్నెండు టమాటాలు వేలాడుతున్నాయి. ఒక్కోటి పిడికిలంత. అన్నీ ఒకే ఎరుపు, ఒకే గుండ్రం, ఒకే అచ్చులో పోసినట్టు. బ్రెడ్డు సంచీలకి చుట్టే ఆకుపచ్చ తీగముక్కలతో, ఎంతో శ్రద్ధగా, ఒక్కో కొమ్మకి ఒక్కోటి కట్టి ఉన్నాయి. బరువుకి మొక్కలు ముందుకి వంగి, ఎవరికో నమస్కారం పెడుతున్నట్టున్నాయి. ఒక పండు మీద షాపువాళ్ళ నాలుగంకెల స్టిక్కరు ఇంకా అలాగే ఉంది.

ముందు ఆమెకి ఒళ్ళు మండింది. లోపలికి వెళ్ళి లేపి అడుగుదామని రెండడుగులు వేసింది కూడా. మూడో అడుగు దగ్గర ఆగింది. ఇవి మొక్కకి పండినవే అని అతను అందరిముందూ అంటే, జూలై నాలుగుకి పండు పండినట్టే. గోడ తనది. కొనుక్కొచ్చి కట్టానని ఒప్పుకుంటే, మెయిళ్ళ రాజ్ గతేమిటి? పరువు కోసం రాజారావు తన డెక్కుని తనే కొమ్మకి వేలాడదీసుకున్నాడు.

ప్రసూన స్టిక్కరు జాగ్రత్తగా తీసి కాఫీ గ్లాసుకి అంటించుకుంది. ఒక పండుకి ముడి వదులుగా ఉండి జారిపోయేలా ఉంటే గట్టిగా బిగించింది. ఎవరు చేసిన పనైనా సగంసగంగా ఉంటే ఆమెకి సహించదు. తర్వాత వంగి, కింద ఆకుల చాటున ఉన్న తన పండుని కోసుకుని, సంహితని నిద్రలేపి వంటింట్లోకి తీసుకొచ్చింది. రెండు ముక్కలు చేసి ఉప్పు చల్లింది.

"ఇంత స్మాలా?" అంది సంహిత కళ్ళు నులుముకుంటూ. నోట్లో వేసుకుంది. ఉప్పు అంటిన వేళ్ళు నాక్కుంది. "అమ్మా, ఇది రసంలాగా ఉంది. లైక్, ఆల్రెడీ రసం."

"నాన్నకి చెప్పకు. మధ్యాహ్నం ఆయన ఏం చెబుతారో విందాం."

పదకొండున్నరకి అందరూ వచ్చారు. రాజారావు కాలరున్న చొక్కా వేసుకుని మొక్కల ముందు నిలబడి నాలుగు మాటలు మాట్లాడాడు. వాతావరణం సహకరించకపోయినా పట్టు వదల్లేదన్నాడు. తేదీలు మారినా క్వాలిటీలో రాజీ పడలేదన్నాడు. "మెయిన్‌గా ఇది టీమ్ ఎఫర్ట్," అని ప్రసూన వైపు చెయ్యి చూపించాడు. ప్రసూన కత్తెర అందించింది.

"మీ చేత్తోనే కోయండి. పన్నెండూ."

అతను అందరికీ వీపు పెట్టి, తీగముక్కలు గుప్పిట్లో దాచుకుంటూ, ఒక్కోటీ కోసి పళ్ళెంలో పెట్టాడు. అందరూ చప్పట్లు కొట్టారు. అంజయ్య ఫొటోలు తీశాడు. బరువు దిగిన మొక్కలు నిటారుగా నిలబడ్డాయి.

"చెట్టేమో గింత సన్నగున్నది, కాయలేమో గింత లావున్నయేంది?" అంది చాముండేశ్వరి.

"వెరైటీ అలాంటిదండీ. చెక్ దేశం వాళ్ళది."

చాముండేశ్వరి ఒక ముక్క కోసి నోట్లో వేసుకుంది. "అచ్చం షాపుల కొన్నట్టే ఉన్నదన్నా."

"థాంక్యూ," అన్నాడు రాజారావు. "కమర్షియల్ క్వాలిటీ."

చాముండేశ్వరి ప్రసూన వైపు చూసింది. ప్రసూన పళ్ళెం తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆ పన్నెండూ పప్పులో వేసింది. పులుపు చాలకపోతే చింతపండు రసం పోసింది.

పెద్ద బల్ల చుట్టూ కూర్చుని అందరూ భోజనం చేశారు. పప్పు బాగుందన్నారు. ఇంటి టమాటా రుచే వేరన్నారు. రాజారావు అందరికన్నా ఎక్కువసార్లు అన్నాడు. అన్నంలోకి పెరుగు వేసుకునే వేళకి అంజయ్య అడిగాడు.

"రాజన్నా, మరి డెక్ పని ఎప్పుడు షురూ? కాంట్రాక్టర్ పదకొండుకు వస్తడంటివి గదా."

రాజారావు నోరు తెరిచేలోపల ప్రసూన అతని ముందు పెరుగు గిన్నె పెట్టింది. కొత్త మూత. మూత మధ్యలో చిన్న స్టిక్కరు, దాని మీద నాలుగంకెలు. రాజారావు ఆ అంకెల్ని రెండుసార్లు చదువుకున్నాడు. మూత తీసి, స్టిక్కరు ఎవరికీ కనపడకుండా తిరగేసి, బల్ల మీద పెట్టుకున్నాడు.

"కాంట్రాక్టరుకి వద్దని చెబుతున్నాం అన్నయ్యా," అంది ప్రసూన, గరిటె చేతిలో పట్టుకుని. "ఆ గోడ పక్కన డెక్ వేయించడం లేదు. జూలై నాలుగులోగా మొక్క మీద ఒక్క పండు పండినా ఆ చోటు తోటకేనని మీ అన్న మాటిచ్చారు. సంహిత సాక్షి. ఇవాళ మీ అందరి ముందూ ఆయన చేత్తోనే పన్నెండు కోశారు. అవునా అండీ?"

ఆరు కుటుంబాలు రాజారావు వైపు తిరిగాయి. అంజయ్య చేతిలో ఫోన్ ఉంది, అందులో ఫొటోలు ఉన్నాయి.

"అవును," అన్నాడు రాజారావు. "పన్నెండు."

"వచ్చే మార్చిలో ఐదు రోజులు ఓవెన్ విత్తనాలది. ఈసారి కాగితం రెండు భాషల్లో రాస్తాను. డెక్ కావాలంటే ఉత్తరం వైపు వేయించుకుందాం, నాకేం అభ్యంతరం లేదు. అదీ యాభై అయిదు రోజుల్లో అయిపోతుందిలెండి," అని ప్రసూన అతని కంచంలో పెరుగు వేసింది. "లెక్క ఏ రోజు నుంచి మొదలుపెట్టాలో మాత్రం నేను చెబుతాను."